పట్టాదారు గడిలో పేరు చూసి ఆగిపోవద్దు

ఊళ్లో రెండెకరాలున్న ఏ కుటుంబాన్ని చూసినా, ఫోనులో సర్వే నంబరు కొట్టి 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ దస్త్రం) చూడగలిగినవాళ్లు ఒకరైనా ఉంటున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడో, డాలస్‌లో కాపురముంటున్న కూతురో రాత్రి భోజనాలయ్యాక పోర్టల్ తెరుస్తారు. పట్టాదారు గడిలో నాన్న పేరు కనిపిస్తే నిశ్చింతగా పడుకుంటారు, కనిపించకపోతే తెల్లవార్లూ ఊరికి ఫోన్లు చేస్తారు. నిశ్చింతా కంగారూ రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. ఈ రోజు ఆ గడిలో ఎవరి పేరు ఉన్నదో తెర చెబుతుంది. ఆ పేరు ఏ సంవత్సరంలో, ఏ ఉత్తర్వు మీద, ఎవరి పేరు కొట్టివేసి అక్కడికి వచ్చిందో చెప్పదు. భూమి తగాదాల్లో ఎక్కువ భాగం పుట్టేది సరిగ్గా ఆ చెప్పని చోటే.

చుట్టాల భూముల కాగితాల కోసం కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ కార్యాలయాల గడపలు తొక్కే పని కొన్నేళ్లుగా నా మీద పడింది. పల్లెలో భూమి దస్త్రం వెతకాలంటే దొరికినంతలో అతి పాత రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి వరసగా ఇప్పటికి రావాలని, పోర్టల్ అన్నిటికంటే చివర చూడవలసినదని ఆ తిరుగుళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం. అలా వెతకడానికి కావలసిన పాత రిజిస్టర్లను పట్టాదారులకూ, వకీళ్లకూ, ఆఫీసులో తెలిసినవాళ్లున్న అదృష్టవంతులకూ మాత్రమే కాక, అడిగిన ప్రతి ఒక్కరికీ చూపించే ఏర్పాటు ప్రభుత్వాలే చేయాలి. కొత్త పోర్టళ్ల మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఈ పని మీద పెట్టి ఉంటే కలెక్టరేట్లలో ఇన్ని అర్జీలు పేరుకునేవి కావని నా నమ్మకం.

పోర్టళ్లను తీసిపారేయాలని నేననడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మీభూమి పోర్టల్ వచ్చిన తరువాత అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటా రాసే లెక్క) నకలు కోసం వీఆర్వో ఎక్కడున్నాడో వెతుక్కునే బాధ తగ్గింది. అయితే తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన పేరుతో ఊరూరా దస్త్రాలను తిరగరాశారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. ప్రక్షాళన సమయంలో తగాదా ఉన్నవని తోచిన భూములను పార్ట్-బి అని పక్కన పెట్టారు, పహాణిలో (తెలంగాణలో అడంగల్‌కు పేరు ఇదే) తరతరాలుగా ఉంటూ వచ్చిన అనుభవదారు గడి ధరణికి వచ్చేసరికి లేకుండా పోయింది. దస్త్రాన్ని తిరగరాసిన ప్రతిసారీ ఒక పేరులో అక్షరం మారడం, ఒక సబ్ డివిజన్ రాలిపోవడం, పది గుంటలు తగ్గడం మామూలే. అలా తగ్గినట్టు రుజువు చేయడానికి ఉన్న ఆధారమల్లా దానికి ముందరి దస్త్రం. ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాల్లోనైతే పాత సర్వే నంబర్లే పోయి ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. చేతిలో ఉన్న దస్తావేజులో ఒక నంబరు, తెర మీద ఇంకొక నంబరు. ఈ రెంటినీ కలిపే పట్టికను ముందు సంపాదించుకోనిదే అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

అందువల్ల వెతకడం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉండేదో తెలుసుకోవడం దగ్గర. మనుషులు ఊరు మారితే సామాను వెంట తీసుకుపోతారు గాని, ఊళ్లు జిల్లా మారినప్పుడు దస్త్రాలన్నీ వెంట వస్తాయన్న భరోసా లేదు. ఒంగోలు ప్రాంతాన్నే తీసుకుంటే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకా నెల్లూరు జిల్లాది, ఆ తరువాత గుంటూరుది, 1970లో ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా ఏర్పడ్డాకే ఇప్పుడు మనం ప్రకాశం అంటున్న దానిలోకి వచ్చింది. చింతూరు మండలం కథ ఇంకా చిత్రమైనది. భద్రాచలం ప్రాంతంతో పాటు 1959దాకా తూర్పు గోదావరిలో ఉండి, అప్పుడు ఖమ్మంలో కలిసి, 2014లో తిరిగి తూర్పు గోదావరికి వచ్చి, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అక్కడి గిరిజన రైతు తన తాత నాటి కాగితం కోసం ఏ కలెక్టరేటుకు వెళ్లాలో చెప్పేవారు లేకపోతే, ఆ మనిషి పాడేరులో లేదంటే కాకినాడకు, కాకినాడలో లేదంటే ఖమ్మానికి తిరుగుతూనే ఉంటాడు. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటి అయినప్పుడూ, ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరు అయినప్పుడూ కొత్త కలెక్టరేట్లకు కుర్చీలు, బల్లలు వచ్చినంత త్వరగా పాత దస్త్రాల కట్టలు రాలేదు.

వీటన్నిటికీ ముందరి మార్పులు రెండున్నాయి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. కరణాల ఇళ్లలో ఉన్న లెక్కలను అప్పగించమన్నారు గాని, కొన్నిచోట్ల అవి అటకల మీదే ఉండిపోయాయని మా వైపు పెద్దలు ఇప్పటికీ అంటారు. ఆ మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా నాలుగైదు మండలాలుగా చీలినప్పుడు పాత సెటిల్‌మెంటు (శిస్తు నిర్ణయం) రిజిస్టర్లు చాలాచోట్ల తాలూకా కేంద్రంగా ఉన్న ఊళ్లోనే నిలిచిపోయాయి. ఇప్పటి మండల తహసీల్దారు కార్యాలయంలో ‘మా దగ్గర ఆ రికార్డు లేదండీ’ అన్న జవాబు వస్తే అది అబద్ధమే కానక్కరలేదు. పక్క మండలంలోని పాత తాలూకా కచేరీలో ఆ రిజిస్టరు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. రికార్డు లేదన్నవారిని తరువాత అడగవలసిన మాట, ‘తాలూకా విడిపోయినప్పుడు ఏయే రిజిస్టర్లు ఇక్కడికి వచ్చాయో చూపే జాబితా ఉందా?’ అని. ఆ జాబితా బయటికి తీయించగలిగితే సగం పని అయినట్టే.

ఇక ఏ రిజిస్టరు అడగాలన్నది. ఇక్కడ ఆంధ్రకూ తెలంగాణకూ దారులు వేరు. మద్రాసు రాష్ట్రంలో ఉండిన రైతువారీ గ్రామాలకు రీసెటిల్‌మెంటు రిజిస్టరు మూలం. దీన్నే ఆఫీసుల్లో ఆర్.ఎస్.ఆర్. అనీ, డైగ్లాట్ అనీ అంటారు. ఒకప్పటి జమీందారీ గ్రామమైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత సర్వే చేసి తయారుచేసిన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ చూడాలి. గుడి మాన్యం, సర్వీసు ఇనాం అనే మాట ఎక్కడ వినబడినా పందొమ్మిదో శతాబ్దపు ఇనాం ఫెయిర్ రిజిస్టరు దాకా పోక తప్పదు. పొలం కొలతలకు ఎఫ్.ఎం.బి. (క్షేత్ర కొలతల పుస్తకం) ఉంటుంది. తెలంగాణలో నిజాం కాలపు సర్వే ఫలితంగా వచ్చిన సేత్వారు మూలం. దాని తరువాత 1954-55 నాటి ఖాస్రా పహాణి, ఆ వెంటనే చెస్సల పహాణి, ఆపైన ఏటేటి పహాణీలు వరసగా వస్తాయి, కొలతలకు టిప్పన్ ఉంటుంది. లెక్కలన్నీ ఫసలీల్లో (జూలైతో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరాల్లో) ఉంటాయి కనుక మన ఏడాది తెలియాలంటే 590 కలుపుకోవాలి: ఫసలీ 1380 అంటే 1970 జూలై నుంచి 1971 జూన్ దాకా. ఈ పేర్లు తెలియనివాళ్లు ‘మా భూమి వివరాలు కావాలి’ అని అర్జీ పెడతారు. దానికి ఇవాళ్టి 1-బి నకలు తీసి చేతిలో పెట్టి పంపించేస్తారు. అడిగినదానికి సమాధానం ఇచ్చినట్టే లెక్క!

పాత రిజిస్టరు ఎందుకంత ముఖ్యమో ఒక పుట దగ్గర ఆగి చూద్దాం. కోస్తాలో ఒక పాత తాలూకా కచేరీలో నాకు చూపించిన ఆర్.ఎస్.ఆర్. పొడుగాటి అచ్చు పుస్తకం, అట్ట ఊడిపోయి గుడ్డతో కుట్టి ఉంది, అంచులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఒక్కో వరసలో సర్వే నంబరు, ప్రభుత్వానిదా ఇనామా, మెట్టా మాగాణా, విస్తీర్ణం, శిస్తు, చివరికి పట్టా నంబరు, పట్టాదారు పేరు. మేము వెతుకుతున్న నంబరుకు పైన ఉన్న వరసల్లో పేర్లు ఉన్నాయి, కింద ఉన్న వరసల్లోనూ ఉన్నాయి. మా నంబరుకు ఎదురుగా పట్టాదారు గడిలో పేరు లేదు, వరసగా చుక్కలున్నాయి. ఆ పొలాన్ని తాతల నాటినుంచి సాగుచేస్తూ, శిస్తు కడుతూ, పాసుపుస్తకం కూడా సంపాదించుకున్న కుటుంబానికి ఆ చుక్కల సంగతి తెలియదు. తెలిసింది ఎప్పుడంటే, అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదన్నప్పుడు.

ఆంధ్రప్రదేశ్ అంతటా చుక్కల భూములనే పేరు మోసినవి ఇవే. సెటిల్‌మెంటు నాడు ఎవరి పేరూ రాయకుండా చుక్కలు పెట్టిన నంబర్లను ప్రభుత్వ భూములేమోనన్న అనుమానంతో రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో పెట్టారు. వేలాది రైతులు ఇబ్బందిపడ్డాక 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, పన్నెండేళ్లకు తక్కువ కాకుండా అనుభవంలో ఉన్నట్టు చూపినవారి పేర్లను ఆ రిజిస్టరులో ఎక్కించే పద్ధతి పెట్టారు. అనుభవాన్ని దేనితో చూపాలి? పాత అడంగళ్లతో, శిస్తు రసీదులతో, రిజిస్టరు దస్తావేజులతో. మళ్లీ ఆ దస్త్రాల గదికే పోవాలి. ఎప్పుడో ఒక సెటిల్‌మెంటు గుమాస్తా పెట్టిన చుక్కలు ఇవాళ ఆడపిల్ల పెళ్లికి అమ్ముకోవలసిన పొలాన్ని ఆపగలుగుతున్నప్పుడు, ఆ పుటను ఆ పొలం సాగుచేస్తున్న మనిషి ముందుగా చూసుకునే వీలు లేకపోవడం అన్యాయం కాక ఏమిటి?

తెలంగాణలో ఆ స్థానం ఖాస్రా పహాణిది. అందులో పట్టాదారు ఒకరు, సాగుచేస్తున్నవారు మరొకరుగా రాసి ఉండటం సాధారణం. ఆ రెండో పేరు కౌలుదారుదైతే 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు కూడా చూడాలి, కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్టు ఇచ్చారేమో కనుక్కోవాలి. ఇది చూసుకోకుండా పట్టాదారు వారసుల దగ్గర కొన్నవాళ్లు పదేళ్ల తరువాత కోర్టు నోటీసు అందుకున్న సందర్భాలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. సేత్వార్లూ, పాత పహాణీల్లో కొన్నీ ఉర్దూలో ఉంటాయి. గొలుసుకట్టు ఉర్దూ చదవగలిగే పాతకాలపు ఉద్యోగులు ఒక్కొక్కరే రిటైరైపోయారు. ఊళ్లో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దాయన ఒకరు దొరికితే ఆయన్ని వెంటబెట్టుకుపోవడం కంటే మంచి సలహా నా దగ్గర లేదు. కలెక్టరేట్లలో ఉర్దూ దస్త్రాలను చదివి తెలుగులో అధికారికంగా రాసిపెట్టే ఉద్యోగం ఒకటి ఉండాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదో అర్థం కాదు.

రెవెన్యూ దస్త్రం ఒక కాలైతే రిజిస్ట్రేషన్ దస్త్రం రెండోది. ఇక్కడ చట్టం చాలా ఉదారంగా ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్నీ, దాని సూచికలనూ, నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. నీకూ ఆ ఆస్తికీ ఏమిటి సంబంధం అని అడిగే అధికారం ఎవరికీ లేదు. వీలునామాలుండే 3వ పుస్తకం సంగతి వేరు. రాసినవారు బతికున్నంతకాలం వారికీ, వారి ఏజెంట్లకే నకలు ఇస్తారు, పోయిన తరువాత ఎవరు అడిగినా ఇస్తారు. మామూలు జీపీఏలు (ఒకరి తరఫున వ్యవహరించే అధికారపత్రాలు) 4వ పుస్తకంలోకి పోతాయి కనుక ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, కనిపించవు. విదేశాల్లో ఉన్నవారి తరఫున ఊళ్లో ఎవరో జీపీఏ చేతపట్టుకుని అమ్ముతున్నప్పుడు ఈసీ ఒక్కటే చూసి కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈసీ గురించి ఇంకో మాట. రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందు కాలానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సూచిక పుస్తకాలు తిరగేయించి చేతిరాత ఈసీ తీసుకోవాలి. ఆ సూచికలు రెండు రకాలు: మనుషుల పేర్లతో ఒకటి, ఊరూ ఆస్తీ వివరాలతో మరొకటి. సర్వే నంబరు పట్టుకుని వెతికితే ఏమీ దొరకని చోట, తాత పేరు ఇంటిపేరుతో సహా పట్టుకుని పేర్ల సూచికలో వెతికితే దస్తావేజు బయటపడటం నేను చూశాను. ఎందుకంటే పాత దస్తావేజుల్లో చాలావాటికి సర్వే నంబరు ఉండదు. ‘తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక, ఉత్తరాన పంటకాలువ’ అనే హద్దులే ఉంటాయి. ఆ కార్యాలయం ఎప్పుడు పెట్టారో కూడా కనుక్కోవాలి. దానికి ముందరి దస్తావేజులు అది చీలివచ్చిన పాత కార్యాలయంలోనో, జిల్లా రిజిస్ట్రారు దగ్గరో ఉంటాయి.

ఈసీలో ఏమీ లేదంటే లావాదేవీ ఏదీ జరగలేదని అర్థం చేసుకోకూడదు. రిజిస్టరు కానిదేదీ అందులోకి రాదు. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు ఎన్నెన్ని ఉన్నాయో వాటిని క్రమబద్ధం చేయించుకోవడానికి వచ్చిన దరఖాస్తుల వెల్లువే చెప్పింది. కోస్తాలో పెద్దమనుషుల ఎదుట జరిగిన నోటిమాట పంపకాలు అంతకు తక్కువేమీ కాదు. అందుకే రెవెన్యూ దస్త్రంలోని అనుభవదారు గడీ, రిజిస్ట్రేషన్ దస్త్రమూ పక్కపక్కన పెట్టుకుని ఏడాదికేడాది చదవాలి. ఒకదానిలో పేరు మారిన సంవత్సరం రెండోదానిలో దస్తావేజు లేకపోతే అక్కడే అసలు కథ ఉంటుంది. కోర్టు వ్యాజ్యాలు ఈ రెంటిలోనూ కనబడవు. వాటిని ఈ-కోర్టుల వెబ్‌సైటులో కక్షిదారు పేరుతో వెతకవచ్చు, ఉచితం కూడా. కాకపోతే ఒకే పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసే అలవాటు మనది కనుక నాలుగు రకాలుగానూ కొట్టి చూడాలి.

ఇళ్ల స్థలాలు మరో లోకం. గ్రామకంఠంలోని ఇళ్లకు విడివిడిగా సర్వే నంబర్లు ఉండవు, చాలావాటికి దస్తావేజులూ ఉండవు. పంచాయతీలో ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు ఉంటుంది గాని, పన్ను రసీదు హక్కు పత్రం కాదని ఏ కోర్టయినా చెబుతుంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం డ్రోన్లతో ఈ కొరత తీర్చే ప్రయత్నం. అది పూర్తయిన ఊళ్లలో కూడా పాత పన్ను రిజిస్టర్లను చిత్తుకాగితాల కింద తీసివేయకుండా ఆపడం గ్రామస్థుల చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు అడిగే పద్ధతికి వస్తాను. మీసేవలో దొరికేవాటిని మీసేవలోనే తీసుకోవాలి. అక్కడ లేని పాత రిజిస్టర్లకు సమాచార హక్కు చట్టం ఉంది, దాన్ని సరిగ్గా వాడుకునేవారు తక్కువ. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నావో చెప్పనక్కరలేదని 6వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. రికార్డు మరో కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపవలసిన బాధ్యత వారిదే. అన్నిటికంటే విలువైనది 2(జె)లో ఉంది: నకలు అడగడమే కాక, రికార్డును స్వయంగా చూసి రాసుకునే హక్కు. ‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు సంబంధించి ఆర్.ఎస్.ఆర్. పుటను, ఫసలీ 1370 నుంచి 1400 దాకా అడంగళ్లను తనిఖీ చేయడానికి తేదీ, సమయం తెలపండి’ అని రాసిన దరఖాస్తుకూ, ‘మా భూమి పూర్తి వివరాలు ఇవ్వగలరు’ అన్న దరఖాస్తుకూ వచ్చే జవాబుల్లో ఎంతో తేడా ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలు మాత్రం మా దగ్గర నకలుకు వేరే పద్ధతి ఉంది, రుసుము కట్టి తీసుకోండి అంటాయి. దానితో వాదన పెట్టుకోవడం అనవసరం.

‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న జవాబును కూడా పారేయకూడదు. నోటితో చెప్పినప్పుడు అది వట్టి మాట. సంతకం, తేదీ, ముద్రతో ఇచ్చినప్పుడు అది కూడా ఒక దస్త్రమే, అప్పీలుకూ కోర్టుకూ పనికివస్తుంది. ఒక కార్యాలయంలో మూడు సందర్భాల్లో లేదన్న పహాణి, రాతపూర్వకంగా లేదని ఇవ్వమన్న వారంలోనే బీరువా వెనక దొరికింది. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను. కట్టలకు జాబితా లేదు, గదికి దీపం సరిగా లేదు, ఆయన మీద ఉన్న పనేమో పదిమందిది. ఏ కట్ట ఎక్కడుందో తెలిసిన ఒక్క అటెండరు బదిలీ అయితే ఊరి చరిత్ర అంతా కనబడకుండా పోయే స్థితిలో రికార్డు గదులు ఉండటమే అసలు తప్పు. ఆ స్థితిలోనే దళారులకు పని దొరుకుతుంది. వాళ్లు అమ్మేది కాగితాన్ని అనుకుంటాం గాని, నిజానికి అమ్ముతున్నది ఆ కట్ట ఎక్కడుందన్న సమాచారాన్ని.

అందరికీ చూపిస్తే భూ కబ్జాదారులకు దారి చూపినట్టు కాదా అని నాతో వాదించిన మిత్రులున్నారు. వాళ్ల భయం అర్థం లేనిదని అనను. దిక్కులేని ముసలివాళ్ల భూములు, విదేశాల్లో ఉన్నవాళ్ల భూములు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి దస్త్రాలను వాడుకునేవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లకు రికార్డు గది తలుపులు ఇప్పుడు మూసి ఉన్నాయా? వాళ్లకు కావలసింది వాళ్లు ఎలాగూ సంపాదిస్తున్నారు. మూసి ఉన్నది ఆ ముసలివాళ్లకే, వాళ్ల తరఫున అడగబోయే పక్కింటివాళ్లకే. భూమి మీద ఎవరికి ఏ హక్కు ఉన్నదో లోకానికి తెలియజేయడానికే రిజిస్ట్రేషన్ అనే ఏర్పాటు పుట్టింది కదా, అది రహస్యమైతే దాని ప్రయోజనమే ఉండదు. ఆధార్ నంబరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా దాచవలసినవే, దాచాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పేరు మారిన ఉత్తర్వు దాచవలసినవి కావు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో నిరాకరించే వీలు కల్పించింది. ఆ మాటను భూమి దస్త్రాలకు కూడా అడ్డంపెట్టే రోజు వస్తుందేమోనన్నది ఇప్పుడు నా ఆందోళన.

రెవెన్యూ దస్త్రంలోని పేరు యాజమాన్య హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. రిజిస్టరైన దస్తావేజు కూడా తిరుగులేని హక్కుకు ప్రభుత్వం ఇచ్చే హామీ కాదు. ఈ అయోమయాన్ని తొలగిస్తామంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి భూ యాజమాన్య హక్కుల చట్టం వచ్చింది, ప్రజల్లో పెద్ద భయం రేపింది, 2024లో రద్దయింది. ఆ చట్టంలోని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఊళ్లో నేను విన్న భయమంతా ఒక్కటే: తమ పొలం మీద ఏ పాత రాత ఉన్నదో తమకు తెలియదు, దాన్ని ఎవరో అధికారి ఒక్కసారిగా చదివి శాశ్వతంగా తేల్చేస్తాడు. పాత రిజిస్టర్లు ముందే అందరి ఎదుటా ఉండి, తప్పులు సరిదిద్దుకోవడానికి ఏళ్ల గడువు ఇచ్చి ఉంటే ఆ భయం ఇంతగా పెరిగేది కాదు. తుది హక్కు ఇచ్చే చట్టం మళ్లీ ఎవరు తెచ్చినా, ఆ పని జరగకముందు తేవడం తొందరపాటే అవుతుంది.

చేయవలసిన పని పెద్ద శాస్త్రమేమీ కాదు. గ్రామం వారీగా ఆర్.ఎస్.ఆర్., సేత్వారు, ఖాస్రా పహాణి, ఇనాం రిజిస్టరు, కొలతల పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టుగా ఫోటోలు తీసి, ఏ అక్షరమూ మార్చకుండా, ఏ గడీ తీసివేయకుండా అందరూ చూసేలా పెట్టడం. కర్ణాటకలో తాలూకా రికార్డు గదుల్లోని పాత కాగితాలను స్కాన్ చేసే భూ సురక్ష కార్యక్రమం 2024లో మొదలైంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ముక్కలు ముక్కలుగా స్కానింగు జరిగింది గాని, ఆ బొమ్మలు ఎక్కువగా కార్యాలయాల లోపలి కంప్యూటర్లకే పరిమితమయ్యాయి. పొరపాటున కొత్త పోర్టల్ మరొకటి కట్టి, అందులోకి మళ్లీ చేత్తో ఎక్కించడం మాత్రం వద్దు. ఎక్కించేవారి వేళ్ల నుంచి పుట్టిన తప్పులే ఇప్పటికి చాలినన్ని ఉన్నాయి.

ఇదంతా అందరికంటే ఎక్కువగా పనికివచ్చేది పెళ్లయి పరాయి ఊరికి వెళ్లిన ఆడపిల్లలకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల్లోని ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, దేశానికంతటికీ 2005లో వచ్చింది. చట్టం అంత ముందుగా వచ్చినా, తండ్రి పోయిన తరువాత ఫౌతి (చనిపోయినవారి స్థానంలో వారసుల పేరు ఎక్కించడం) కింద అన్నదమ్ముల పేర్లే ఎక్కించుకోవడం, అక్కచెల్లెళ్లకు ఆ సంగతి ఏళ్ల తరువాత తెలియడం మన ఊళ్లలో రోజూ జరిగేదే. అటువంటి ఆడకూతురు పోర్టల్‌లో చూసుకుంటే తమ్ముడి పేరు కనబడుతుంది, అంతే. ఆమె అడగవలసింది ఆ మ్యుటేషన్ (పేరు మార్పు) ఉత్తర్వు నకలు, దానికి జతపరిచిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఎవరెవరికి నోటీసు ఇచ్చారో చూపే కాగితం. ఆంధ్రలో ఇప్పటికీ అమల్లో ఉన్న 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద, ఉత్తర్వు అందిన నాటినుంచి 60 రోజుల్లో ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. తనకు నోటీసు రాలేదనీ, ఉత్తర్వు తనకు తెలిసింది ఈ నకలు చేతికందిన రోజునే అనీ ఆమె వాదించాలంటే ఆ నకలు మీద తేదీ ఉండాలి. అందుకని కౌంటరు దగ్గర నకలు తీసుకునేటప్పుడు దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు ఇచ్చిన తేదీ రెండూ వెనకవైపు రాసి ముద్ర వేశారో లేదో చూసుకుని మరీ బయటికి రావాలి.